జిమ్ లేని బడి గురించి ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆటల పేజీలో అమెరికా హైస్కూళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఓపిగ్గా రాశారు, కాదనను. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకటే పాట: అక్కడ హైస్కూలుకే స్టేడియం ఉంటుంది, ఈతకొలను ఉంటుంది, రబ్బరు ట్రాక్ ఉంటుంది, మనకి లేవు, అందుకే మనం ఇలా ఉన్నాం. ఆ ధోరణిలోనే కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ హర్లీ గురించి చెబుతూ, ఆయన తండ్రి బాబ్ హర్లీ కూడా న్యూజెర్సీలో 'అన్ని హంగులూ ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో' కోచ్‌గా చేశారని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది చదివి నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఆ బడికి, అంటే జెర్సీ సిటీలోని సెయింట్ ఆంథోనీ హైస్కూల్‌కి, అన్ని హంగులూ కాదు కదా, సొంత జిమ్ కూడా లేదు.

నేను జెర్సీ సిటీలో 2003 నుంచి తొమ్మిదేళ్లున్నాను. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లకి న్యూఆర్క్ అవెన్యూ అంటే జర్నల్ స్క్వేర్ దగ్గరి ముక్క ఒక్కటే తెలుసు, కందిపప్పు, గోంగూర, కరివేపాకు దొరికే ముక్క. అదే రోడ్డు పట్టుకుని హడ్సన్ నది వైపు దిగుతూ పోతే పాత డౌన్‌టౌన్ వస్తుంది. అక్కడ వైట్ ఈగిల్ హాల్ అని 1910లో కట్టిన ఒక హాలుంది. పోలండ్ నుంచి వలస వచ్చిన కేథలిక్‌లు తమ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే పేట) కోసం కట్టుకున్నది. నేనున్న రోజుల్లో బయటి నుంచి చూస్తే పాతబడిన గోడౌన్‌లా ఉండేది. లోపల రాత్రిళ్లు బింగో ఆడించేవాళ్లు, మన తంబోలా లాంటిదే, ఆ వచ్చే డబ్బు చర్చి ఖర్చులకి. ఆ బింగో బల్లలూ కుర్చీలూ పక్కకి జరిపి, ఆ గచ్చు మీదే దశాబ్దాల పాటు ప్రాక్టీసు చేసింది సెయింట్ ఆంథోనీ హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు. మీ వ్యాసంలోని 'హంగులున్న బడి' అదే.

నాకు ఈ బడి సంగతి చెప్పింది మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన. ఐరిష్ కుటుంబం, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. నది ఒడ్డున కొత్తగా లేచిన అద్దాల టవర్లలో మా ఆఫీసు, అక్కడి నుంచి ఆ బడి నడిచిపోయేంత దూరం. భోజనం దగ్గర నేను క్రికెట్ మాట్లాడితే ఆయన బాస్కెట్‌బాల్ మాట్లాడేవాడు. ఇద్దరికీ ఎదుటివాడి ఆట అర్థం కాదు, అయినా రోజూ కూర్చునేవాళ్లం. నాకు బాస్కెట్‌బాల్ అంటే బంతిని ఉట్టిలో వెయ్యడం అన్నంతే తెలుసు అప్పటికి.

అసలు కేథలిక్‌లకి అమెరికాలో వేరే బడులెందుకు వచ్చాయో మీ వ్యాసంలో ఉంటే బాగుండేది, లేదు గనక నేను చెబుతాను. 19వ శతాబ్దంలో అక్కడి ప్రభుత్వ బడులు పేరుకే అందరివి, పొద్దున్నే ప్రొటెస్టెంట్‌ల బైబిలు చదివించేవాళ్లు. ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి వచ్చిన కేథలిక్‌లకి అది మింగుడుపడలేదు. ఈ గొడవ ముదిరి 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లయ్యాయి, చర్చిలు తగలబెట్టారు, మనుషులు చచ్చిపోయారు. 1884లో బాల్టిమోర్‌లో బిషప్పులంతా కూర్చుని ప్రతి పారిష్ ఒక బడి కట్టుకోవాలని తీర్మానం చేశారు. కట్టారు కూడా! కూలిపని చేసుకునేవాళ్లు, ఓడరేవుల్లో బరువులు మోసేవాళ్లు, గనుల్లో దిగేవాళ్లు ఆదివారం పళ్లెంలో వేసిన చిల్లరతో. ఆ తర్వాత ఒరెగాన్ రాష్ట్రం పిల్లలందరూ ప్రభుత్వ బడికే పోవాలని చట్టం చేస్తే, 1925లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్లలో ఒక సిస్టర్ల సంఘం కూడా ఉంది.

సెయింట్ ఆంథోనీ హైస్కూల్ ఈ వరసలో ఆలస్యంగా వచ్చింది, 1952లో. పోలిష్ పారిష్, నడిపింది ఫెలీషియన్ సిస్టర్లు. అప్పటి డౌన్‌టౌన్ అంటే రైల్వే యార్డులు, ఫ్యాక్టరీలు, గోదాములు. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పోలిష్‌వాళ్లూ ఐరిష్‌వాళ్లూ నాలుగు డబ్బులు చూసుకుని శివార్లకి పోయారు, ఆ ఇళ్లల్లోకి నల్లజాతి కుటుంబాలు, లాటినోలు వచ్చారు. బడి మాత్రం కదల్లేదు. క్లాసుల్లో కేథలిక్‌లు కాని పిల్లలు పెరిగారు, సిస్టర్లు అదే పాఠం అదే గదిలో చెప్పుకుంటూ పోయారు. బడిలో మొత్తం పిల్లలు ఎప్పుడూ కొన్ని వందలే. మన దగ్గర ఒక కార్పొరేట్ కాలేజీలో ఒక్క అంతస్తులో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

బాస్కెట్‌బాలే ఎందుకంటే, స్థలం అక్కర్లేదు గనక. ఫుట్‌బాల్‌కి (వాళ్ల ఫుట్‌బాల్, హెల్మెట్లు పెట్టుకునేది) మైదానం కావాలి, సామాను కావాలి, యాభైమంది కుర్రాళ్లు కావాలి. బాస్కెట్‌బాల్‌కి ఐదుగురు చాలు, ఒక బంతి, గోడకి ఒక రింగు. ఊరి మధ్యలో ఇరుకు బళ్లు నడిపే కేథలిక్‌లు ఈ ఆటని పట్టుకోవడంలో వింతేం లేదు. 1930లో షికాగోలో బిషప్ బెర్నార్డ్ షీల్ కేథలిక్ యూత్ ఆర్గనైజేషన్ పెట్టి కుర్రాళ్లని వీధుల్లోంచి బాక్సింగ్ రింగుకీ బాస్కెట్‌బాల్ కోర్టుకీ లాగారు, అది దేశమంతా పాకింది. బాస్కెట్‌బాల్ దిగ్గజాల్లో కరీమ్ అబ్దుల్ జబ్బార్ చదివింది న్యూయార్క్‌లో పవర్ మెమోరియల్ అనే కేథలిక్ బడిలో. లెబ్రాన్ జేమ్స్ చదివింది ఒహాయోలో, ఆక్రన్‌లో, సెయింట్ విన్సెంట్ సెయింట్ మేరీలో. మీ వ్యాసంలో లెబ్రాన్ ఫొటో అంత పెద్దది వేశారు, ఈ ముక్క మాత్రం వెయ్యలేదు.

ఇక బాబ్ హర్లీ. ఆయన 1972లో సెయింట్ ఆంథోనీకి హెడ్ కోచ్ అయ్యారు. పగలు ఉద్యోగం ప్రొబేషన్ ఆఫీసరు, అంటే నేరం చేసి జైలుకి పోకుండా కోర్టు నిఘాలో ఉన్నవాళ్లని చూసుకునే పని. పొద్దునంతా చెడిపోయిన కుర్రాళ్ల ఫైళ్లు, సాయంత్రం చెడిపోకుండా ఉండాల్సిన కుర్రాళ్లతో బింగో హాల్లో ప్రాక్టీసు. దశాబ్దాల పాటు ఇలాగే నడిచింది. కాలేజీల నుంచి పిలుపులొచ్చినా పోలేదు. మా ఆఫీసు పెద్దాయన చెప్పిన దాన్ని బట్టి ఆయన నోరు మహా చెడ్డది, ప్రాక్టీసులో ఆయన అరుపులు వీధిలోకి వినపడేవట. ఇప్పటి తల్లిదండ్రులైతే రెండో రోజే వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టేవాళ్లు. నాకు కూడా ఆ పద్ధతి అంతగా నచ్చదు, చెప్పేస్తున్నాను. పిల్లల్ని తిట్టకుండా కూడా ఆట నేర్పొచ్చు. కానీ ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యాక ఆయన దగ్గరికే తిరిగి తిరిగి వచ్చేవాళ్లంటే అందులో నాకు అర్థం కానిది ఏదో ఉండి ఉంటుంది.

లెక్కలు చెబుతాను, ఇవి నోటికొచ్చినవి కావు. 45 సీజన్లలో గెలిచినవి 1,184, ఓడినవి 125. అంటే ఏడాదికి సగటున మూడు ఆటలు కూడా ఓడలేదు. రాష్ట్ర టైటిళ్లు 28. జాతీయ స్థాయిలో ఒకటో ర్యాంకుతో ముగించిన సీజన్లు నాలుగు: 1989, 1996, 2008, 2011. 2010లో ఆయన్ని నెయిస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (ఆ ఆటలో మహామహులకిచ్చే గౌరవం) తీసుకున్నారు, కాలేజీలోనూ ఎన్‌బీఏలోనూ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) పనిచెయ్యకుండా హైస్కూలుతోనే అక్కడికి చేరిన కోచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ అంకెలకంటే నాకు పెద్దగా అనిపించేది ఇంకోటుంది. ఆయన జట్టులోంచి 150 మందికి పైగా కుర్రాళ్లు పూర్తి స్కాలర్‌షిప్‌తో పెద్ద కాలేజీలకి వెళ్లారు. అమెరికాలో కాలేజీ ఫీజులంటే ఎంతో పిల్లల్ని అక్కడికి పంపిన మీ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు, బ్యాంకు లోను కాగితాలే చెబుతాయి. ఆ ఊళ్లో ఒక తల్లి తన కొడుకుని ఆ బడిలో చేర్పించడానికి తాపత్రయపడిందంటే ట్రోఫీ కోసం కాదు.

1989 జట్టు గురించి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 32 ఆడి 32 గెలిచారు. అందులో కోచ్ పెద్దకొడుకు బాబీ హర్లీ ఉన్నాడు, టెర్రీ డెహియర్ ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత 1993లో ఈ ఇద్దరినీ ఎన్‌బీఏ జట్లు మొదటి రౌండులోనే తీసుకున్నాయి. ఒకే వీధి బడిలో ఒకే జట్టులో ఆడిన ఇద్దరు! మధ్యలో బాబీ డ్యూక్ యూనివర్సిటీకి ఆడి 1991, 1992ల్లో వరసగా జాతీయ టైటిల్ గెలిచాడు. ఎన్‌బీఏలో మొదటి ఏడాదిలోనే పెద్ద కారు ప్రమాదం జరిగింది, బతికాడు, ఆట మాత్రం మళ్లీ మునుపటిలా రాలేదు, తర్వాత కోచింగ్‌లోకి వెళ్లాడు. చిన్నకొడుకు డాన్ సంగతి మీరే రాశారు, కనెటికట్ యూనివర్సిటీతో 2023, 2024ల్లో వరసగా టైటిళ్లు.

నేను సెయింట్ ఆంథోనీ ఆట చూసింది ఒక్కసారే. 2011 మార్చి, రట్గర్స్ యూనివర్సిటీ ఇండోర్ స్టేడియంలో. ఎదుటి జట్టు ఎలిజబెత్ అనే ఊరి సెయింట్ పాట్రిక్ హైస్కూల్, అదీ కేథలిక్ బడే, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన కైరీ ఇర్వింగ్ చదివిన బడి. అప్పటికి రెండూ ఆ సీజన్లో ఒక్క ఆటా ఓడలేదు, సెయింట్ పాట్రిక్‌ది దేశంలో ఒకటో ర్యాంకు. పెద్దాయన టికెట్లు సంపాదించి నన్ను లాక్కుపోయాడు. నేను చలికోటు విప్పి కూర్చునే లోపే జనం నిలబడి అరుస్తున్నారు. హైస్కూల్ పిల్లల ఆటకి అంత జనం వస్తారని నాకు అప్పటిదాకా తెలీదు. నాకు అర్థమైనంత వరకు సెయింట్ ఆంథోనీ పిల్లలు గొప్ప విన్యాసాలేం చెయ్యలేదు. ఎదుటివాడికి ఖాళీ ఇవ్వలేదు, అంతే. బంతి ఎవరి చేతిలో ఉంటే వాడి ముందు ఒకడు ఎప్పుడూ ఉన్నాడు, అలిసిపోతాడేమో అనుకుంటే అలిసిపోలేదు. 62-45తో గెలిచారు. ఆ సీజన్ 33 ఆటలూ గెలిచి ముగించారు. ఆ జట్టులోని కైల్ ఆండర్సన్ తర్వాత ఎన్‌బీఏకి వెళ్లాడు.

ఇక్కడ ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రభుత్వ బడి తన పరిధిలో ఇళ్లున్న పిల్లలతోనే జట్టు కట్టుకోవాలి. కేథలిక్ బడికి ఆ హద్దు లేదు, ఎక్కడి పిల్లాడైనా ఫీజు కట్టో సాయం తెచ్చుకునో చేరొచ్చు. అందుకని 'ఏరుకొచ్చిన పిల్లలతో గెలవడం కూడా గెలుపేనా' అని ప్రభుత్వ బళ్లవాళ్లు ఎప్పటి నుంచో సణుగుతూనే ఉన్నారు, అందులో నిజముంది. న్యూజెర్సీలో ప్రభుత్వ బళ్లకీ ఇలాంటి బళ్లకీ రాష్ట్ర టైటిళ్లు వేరుగా పెట్టింది ఇందుకే. కాకపోతే ఏరుకోవడానికి సెయింట్ ఆంథోనీ చూపించగలిగింది ఏముంది, బింగో హాలా?

ఇప్పుడు అసలు విషయం. ఇంత గెలిచిన బడి ఇప్పుడు లేదు. 2017 ఏప్రిల్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు, జూన్‌లో మూసేశారు. మీ వ్యాసం రాసినాయన ఈ సంగతి ఎక్కడా ఎత్తలేదు, బహుశా సదుపాయాల లెక్కలో అది పట్టలేదు.

ఎందుకు మూతపడిందంటే కథంతా సిస్టర్ల దగ్గరుంది. ఒకప్పుడు ఈ బళ్లు చవగ్గా నడిచాయంటే పాఠాలు చెప్పేవాళ్లకి జీతమనేది దాదాపు లేదు గనక. పేదరికం వ్రతంగా తీసుకున్న సిస్టరు కాన్వెంటులో తింటుంది, కాన్వెంటులో పడుకుంటుంది, ఆమె పేర వచ్చే చిన్నమొత్తం కాన్వెంటుకే పోతుంది. 1960ల మధ్యలో అమెరికాలో సుమారు లక్షా ఎనభై వేలమంది సిస్టర్లుండేవాళ్లు, ఇప్పుడు నలభై వేలు కూడా లేరు. వాళ్ల స్థానంలో ఇల్లూ పిల్లలూ ఉన్న టీచర్లొచ్చారు, వాళ్లకి జీతం ఇవ్వాలి, ఆరోగ్య బీమా కట్టాలి, పెన్షన్ చూడాలి. ఖర్చు పెరిగితే ఫీజు పెంచాలి, కానీ ఆ పేటలో ఫీజు పెంచితే కట్టేవాళ్లు లేరు. ఈలోగా ప్రభుత్వ డబ్బుతో నడుస్తూ ఉచితంగా చదువు చెప్పే చార్టర్ స్కూళ్లు వచ్చాయి, పిల్లలు అటు పోయారు.

మన దగ్గర ఎయిడెడ్ బడి అంటే మిషనరీలదైనా టీచర్ల జీతం ప్రభుత్వం ఇచ్చేది, మా తరం సగం అలా చదువుకున్నదే. అక్కడ ఆ దారి లేదు. మతసంస్థల బళ్లలో టీచర్ల జీతాలకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బివ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1971లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో ఏటా విరాళాలే దిక్కు. విందు పెట్టడం, గోల్ఫ్ పోటీ పెట్టడం, పాత విద్యార్థుల్ని అడగడం, ఎవరో ఒక కంపెనీ పెద్దని బతిమాలడం. చివరి ఏళ్లలో బాబ్ హర్లీ ఆ బడికి ప్రెసిడెంటు కూడా, అంటే డిఫెన్స్ ఎలా ఆడాలో నేర్పిన మనిషే కరెంటు బిల్లు ఎలా కట్టాలా అని తిరిగాడు. హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి అడిగితేనే చాలినంత రాలేదు. అదీ ఎక్కడ? నది ఒడ్డున పెద్ద పెద్ద బ్యాంకుల టవర్లు లేచి, డౌన్‌టౌన్‌లో అద్దెలు ఆకాశానికంటిన ఊళ్లో. ఆ టవర్లలో జీతం తీసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. తొమ్మిదేళ్లలో నేను ఆ బడికి ఇచ్చింది ఒక రాఫిల్ (లాటరీ లాంటిది) టికెట్టు డబ్బు. అది కూడా పెద్దాయన మొహమాటానికి.

ఇదొక్కటే అయితే ఏదో ఖర్మ అనుకోవచ్చు. కరీమ్ చదివిన పవర్ మెమోరియల్ 1984లోనే మూతపడింది. నేను చూసిన ఆటలో ఓడిన సెయింట్ పాట్రిక్ ఆ మరుసటి ఏడాదే, 2012లో, మూతపడింది, తర్వాత కొందరు పట్టుబట్టి చర్చితో సంబంధం లేకుండా వేరే పేరుతో మళ్లీ నడిపారు. ఆ రోజు కోర్టు మీద రెండు పక్కలా దేశంలోకెల్లా గొప్ప జట్లున్నాయని మేం అరిచాం. ఆ రెండు బళ్లూ ఏడేళ్లు తిరక్కుండానే పోయాయి. 1960ల్లో ఆ దేశంలో కేథలిక్ బళ్లలో 50 లక్షలమందికి పైగా పిల్లలుండేవాళ్లు, ఇప్పుడు 20 లక్షలు కూడా లేరు.

నిలబడ్డవీ ఉన్నాయి. కాలిఫోర్నియాలో కాంకర్డ్ ఊరి డి లా సాల్ హైస్కూల్ 1992 నుంచి 2004 దాకా ఫుట్‌బాల్‌లో వరసగా 151 ఆటలు గెలిచింది, అది నిక్షేపంగా ఉంది, చుట్టూ ఉన్నది కాస్త కలిగిన శివారు. దానికంటే నాకు ఆసక్తిగా ఉన్నది జెర్సీ సిటీకి పక్కనే న్యూఆర్క్‌లో ఉన్న సెయింట్ బెనెడిక్ట్స్. అది 1972లో మూతపడింది, అక్కడే ఉండిపోయిన కొద్దిమంది సన్యాసులు మరుసటి ఏడాదే మళ్లీ తెరిచారు. ఇప్పటికీ నడుస్తోంది. డాన్ హర్లీ కాలేజీ జట్లకి హెడ్ కోచ్ కాకముందు కోచింగ్ చేసింది ఆ బడిలోనే. ఊరు పేదదే, పిల్లలు అలాంటి ఇళ్లవాళ్లే. కాకపోతే సన్యాసులు కాంపౌండు వదిలి పోలేదు, పాత విద్యార్థుల డబ్బుని ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా కూడబెట్టారు. మీ విలేకరిని ఎవరినైనా అక్కడికి పంపే అవకాశముంటే స్టేడియం కొలతలు వద్దు, ఈ డబ్బు కూడబెట్టిన పద్ధతి రాయమనండి. మన ఊళ్లలో పాత విద్యార్థుల సంఘాలు బోలెడున్నాయి, ఏడాదికోసారి శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగుతున్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

ఆ వైట్ ఈగిల్ హాలుని ఎవరో కొనుక్కుని బాగుచేసి 2017 మే నెలలో సంగీత కచేరీల హాలుగా తెరిచారు. బడి మూతపడింది ఆ వచ్చే నెల. మా పెద్దాయన రిటైరై ఇంకా అక్కడే ఉన్నాడు, కచేరీకి వెళ్లావా అని ఫోన్లో అడిగితే, టికెట్టు ఖరీదు చెప్పి నవ్వాడు.

చివరగా ఒక సవరణ. మీరు 'బాబ్ హర్లీ' అని పేరు వేసిన ఫొటో ఆయనది కాదు, చిన్నకొడుకు డాన్‌ది. తండ్రి 1947లో పుట్టిన మనిషి, మీ ఫొటోలో ఉన్నాయనకి అంత వయసెక్కడుంది? వచ్చే ఆదివారం సరిచేసి వెయ్యండి. బడి పేరు కూడా వెయ్యండి, సెయింట్ ఆంథోనీ హైస్కూల్, జెర్సీ సిటీ, 1952-2017.

ఇట్లు,
మీ పాత పాఠకుడు